దేవునికి మాత్రమే చెప్పమన్న మాట

మా సంఘంలో నా ప్రార్థన మీద చాలా పరాచికాలు నడుస్తుంటాయి. పాస్టరమ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే ఇంటికి పోయి పొయ్యి మీద అన్నం పెట్టి రావచ్చు, తీరిక ఉంటే తిని కూడా రావచ్చు అంటారు. మా ఆయన ప్రార్థన నాలుగు మాటల్లో అయిపోతుంది. నాకు మాత్రం ఎవరి కష్టం చెప్పుకున్నా వివరంగా చెప్పకపోతే తృప్తి ఉండదు. ఏ ఊరు, ఏ జబ్బు, డాక్టరు ఏమన్నాడు, అన్నీ చెబుతాను. "దేవుడికి ఇవన్నీ ముందే తెలుసు కదమ్మా" అని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. తెలుసు, కానీ నాకు చెప్పుకోవాలని ఉంటుంది. ఆ అలవాటు వల్ల ఒక ఆదివారం ఏం జరిగిందో చెబుతాను.

మేం పటాన్‌చెరు పక్కన పరిచర్య మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మందిరం అంటే గోపురం, గంట ఉంటాయనుకోకండి. ఒక పిండిగిర్నీ పైన ఉన్న హాలు. గిర్నీ నడిపే ముస్లిం పెద్దాయన ఆదివారం మా ఆరాధన జరిగినంతసేపు మిషన్ బంద్ పెడతాడు. మేం అడగలేదు. "మీరు పైన దువా చేస్తుంటే కింద గిర్నీ గడగడ అంటే మంచిగుండదమ్మా" అన్నాడు మొదటి వారమే. పిండి కోసం వచ్చినవాళ్ళు డబ్బాలు వరసగా పెట్టి, మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతారు. ఇలాంటివాళ్ళ మంచితనం మీదనే మా పరిచర్య నడిచింది. ఆ మాట ఎక్కడైనా చెప్పుకుంటాను.

సంఘంలో ఎక్కువమంది పాశమైలారం కంపెనీల్లో పనిచేసేవాళ్ళు. అక్కడ ఆదివారం అందరికీ ఆదివారం కాదు. అందుకే మాకు రెండు ఆరాధనలు. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు ఆరున్నరకు ఒకటి, మిగతావాళ్ళకు పదిన్నరకు ఒకటి. పొద్దున వచ్చేవాళ్ళు యూనిఫాంలోనే వస్తారు. వాళ్ళ బట్టల్లోంచి మందుల వాసన వస్తుంటుంది. వాళ్ళకోసం ముందు ఉప్మా, టీ, తర్వాతే వాక్యం. ఈ పద్ధతి మా ఆయన పెట్టింది. కడుపు మాడుతున్నవాడు వాక్యం వినడు, నా ముఖంలో ఇడ్లీ చూసుకుంటాడు అంటారు ఆయన.

ఇక అసలు సంగతి. నారాయణఖేడ్ దిక్కు నుంచి వచ్చిన ఒక అక్క మా సంఘంలో ఉంది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. అక్క ఒక మాత్రల కంపెనీలో కాంట్రాక్టు కింద, పౌడర్ కలిపే సెక్షన్‌లో పనిచేసేది. మనిషి తక్కువ మాట్లాడుతుంది. మందిరంలో మాత్రం ముందు వరసలో కూర్చుంటుంది, భోజనాలైతే గిన్నెలు తోమేదాకా ఇంటికి పోదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. మర్నాడు నెలలో మొదటి ఆదివారం. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, అయ్యాక అందరికీ భోజనం ఉంటుంది కాబట్టి నేను ఎల్లిగడ్డలు ఒలుస్తూ కూర్చున్నాను. ఆమె కూడా ఒక గుప్పెడు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తకుండానే చెప్పింది.

"అమ్మా, నాకు దమ్మొస్తుంది. ఆరు నెలలాయె. రాత్రి పంటే ఊపిరాడదు, గోడకు ఒరిగి కూసుంట. డాక్టరు నోట్ల కొట్టుకునే పంపు రాసిండు. కర్చీపుల సుట్టి టిఫిన్ డబ్బా సంచిల దాస్తున్న. బాత్రూంకు పోయి కొట్టుకుంట."

కంపెనీలో చెప్పొచ్చు కదా అన్నాను. ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"చెప్తే ఇగ రేపటి నుంచి రాకు అంటరు. పర్మినెంటోళ్ళకైతే సెలవు, దవఖాన. మాకేముంటది? పిల్ల సదువు ఇంకొక్క ఏడాది ఉంది. ఈ ఒక్క ఏడాది గడవాలె." తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికి చెప్పకమ్మా. దేవునికొక్కనికే చెప్పు."

అలాగే అన్నాను. ఆ రాత్రి పడుకునేముందు నిజంగానే చెప్పాను కూడా. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు.

ఆదివారం పొద్దుటి ఆరాధనలోనే మా ఆయన గొంతు పూర్తిగా పోయింది. అంతకుముందు మూడు రోజులు వెలిమెలలో ఉపవాస ప్రార్థనలు నడిపించి వచ్చారు. అల్లం, మిరియాలు వేసి వేడినీళ్ళు రెండు చెంబులు తాగించినా లాభం లేదు. పదిన్నర ఆరాధనకు వాక్యం ఎలాగో చెబుతాను, సంఘం కోసం చేసే ప్రార్థన నువ్వు చెయ్యి అని సైగ చేశారు. నాకు లోపల్లోపల సంతోషమే. నిజం దాచడం ఎందుకు, మైకు నా చేతికి వచ్చేది ఏడాదికి ఒకటి రెండు సార్లు.

కళ్ళు మూసుకున్నాను. పరీక్షలు రాసే పిల్లలతో మొదలుపెట్టాను. మోకాలి నొప్పులు, పెళ్ళి సంబంధాలు, బొంతపల్లిలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, ఒక్కొక్కరూ గుర్తొస్తున్నారు. ప్రార్థన చేస్తూ చేస్తూ ఉంటే ఒక దశలో ఎదుట జనం ఉన్నారన్న సంగతి మరిచిపోతాం. ఇది మా పనిలో ఉన్నవాళ్ళకు మాత్రమే తెలిసే ప్రమాదం. దేవుడూ నేనూ తప్ప ఇంకెవరూ లేరనిపిస్తుంది. ఆ ఊపులో నా నోటి నుంచి ఈ మాటలు వచ్చాయి:

"ప్రభువా, ఖేడ్ నుంచి వచ్చిన నీ కుమార్తెను చూడు. బిడ్డ నర్సింగ్ చదువు కోసం పౌడర్ సెక్షన్‌లో కష్టపడుతోంది. దమ్ముతో రాత్రంతా గోడకు ఒరిగి కూర్చుంటోంది తండ్రీ. కర్చీఫ్‌లో చుట్టి పంపు దాచుకోవలసి వస్తోంది. ఈ సంగతి కంపెనీలో ఎవరికీ తెలియకుండా నువ్వే కాపాడు."

హాలంతా ఒక్క గొంతుతో "ఆమేన్" అంది.

ఆ ఆమేన్ చెవిన పడ్డాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. కళ్ళు తెరవబుద్ధి కాలేదు. తెరిచాను. అక్క ముందు వరసలో తల వంచుకుని కూర్చుని ఉంది. కొంగు ముఖానికి అడ్డంగా ఉంది. తలుపు దగ్గర, చంటిపిల్లను ఎత్తుకుని, ఒక సూపర్వైజర్ భార్య నిలబడి ఉంది. ఆ సూపర్వైజర్ అక్క పనిచేసే పౌడర్ సెక్షన్‌కే పెద్ద. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో, ఎవరిని పంపించాలో చెప్పేది ఆయనే. ఆయన మందిరం గడప ఎప్పుడూ తొక్కలేదు. భార్యను బండి మీద తెచ్చి దింపి, అయిపోయాక వచ్చి ఎక్కించుకుపోతాడు. ఆమె మాత్రం ఒక్క ఆదివారం కూడా మానదు.

పేరు చెప్పలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఖేడ్ నుంచి వచ్చి, పౌడర్ సెక్షన్‌లో పనిచేస్తూ, నర్సింగ్ చదివే కూతురున్న మనిషి మా సంఘంలో ఇంకెవరున్నారు? పేరొక్కటే తక్కువ, మిగతా చిరునామా అంతా ఇచ్చేశాను.

భోజనాల దగ్గర అక్క కనిపించలేదు. ప్రభువు బల్ల తీసుకుని అటునుంచి అటే వెళ్ళిపోయిందట. బగారన్నం, కోడికూర వడ్డిస్తూ మెట్ల వైపే చూస్తున్నాను. సూపర్వైజర్ భార్య విస్తరి ముందు కూర్చుంది. రెండు ముద్దలు కూడా తినలేదు. నా కళ్ళలోకి చూడలేదు. "వందనాలమ్మగారు" అని మెల్లగా చెప్పి మెట్లు దిగిపోయింది. అయిపోయింది, ఇవాళ సాయంత్రానికి మొగుడికి చెబుతుంది, రేపు పొద్దున గేటు దగ్గర అక్కను ఆపేస్తారు అనుకున్నాను. ఏడుపు వస్తుంటే కూర గరిట పట్టుకుని వంటగదిలోకి పోయాను.

మా ఆయన వంటగదిలోకి వచ్చారు. నన్ను తిడితే బాగుండునని ఉంది. ఆయనకు గొంతు లేదు, ఉన్నా తిట్టేవారు కాదు. ఆ సూపర్వైజర్ భార్య దగ్గరికి పోయి కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకుంటాను అన్నాను. ఆయన అడ్డంగా తల ఊపి, బొంగురు గొంతుతో అన్నారు. "ముందు ఎవరికి తప్పు చేసినవో ఆమె దగ్గరికి పో. ఆమె చెప్పినంక తక్కినోళ్ళ సంగతి."

మూడు గంటలకు టిఫిన్ క్యారియర్‌లో అన్నం, కూర సర్ది షేర్ ఆటో ఎక్కాను. పాశమైలారంలో అక్క ఉండేది వరసగా కట్టిన కిరాయి గదుల్లో. ఒక్కో గదిలో ఒక్కో రాష్ట్రం. పక్కగదిలో ఎవరో ఒడియాలో ఫోన్ మాట్లాడుతున్నారు. అక్క తలుపు తీసింది, పక్కకు జరిగింది, చెంబుతో నీళ్ళిచ్చింది.

ఇక్కడ నా గురించి ఒక సంగతి ఒప్పుకోవాలి. పరిచర్యలో ఉన్నవాళ్ళకు ఒక తప్పించుకునే దారి ఉంటుంది. ఏ ఇంట్లోనైనా మాట పెగలక ఇబ్బందిగా ఉంటే "ప్రార్థన చేద్దాం" అంటాం. అందరూ కళ్ళు మూసుకుంటారు, ఎవరి ముఖం ఎవరూ చూడక్కర్లేదు. నా చెయ్యి అలవాటుగా కొంగు తల మీదికి లాక్కుంది. "ప్రార్..." దాకా వచ్చి ఆగిపోయాను. ఈ రోజుకు చేసిన ప్రార్థన చాలు అనిపించింది. కొంగు కిందికి జార్చాను.

"అక్కా, తప్పు చేసిన. నువ్వు ఎవ్వరికీ చెప్పొద్దంటే ఊరందరికీ చెప్పిన. నన్ను క్షమించు" అన్నాను.

ఈ మాట అనమని ఇరవై ఏళ్ళుగా ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. భార్యాభర్తలకు, తోడికోడళ్ళకు, అన్నదమ్ములకు. నా నోటితో నేను ఒకరి ముందు కూర్చుని అన్నది ఎన్నిసార్లు అని వెతుక్కుంటే ఒకటి రెండు కూడా దొరకలేదు.

అక్క టిఫిన్ క్యారియర్ అందుకుని గోడవార పెట్టింది. "నువ్వు దేవునికే చెప్తవనుకున్న" అంది. అంతకంటే పెద్ద మాట ఏదీ అనలేదు. ఆ ఒక్క మాట చాలు. తర్వాత "సరే తియ్యమ్మా, క్షమించిన. గని రేపు పొద్దుగాల ఆరింటికి నేను గేటు కాడ నిలవడాలె. నీ క్షమాపణ ఆడికి రాదు గదా" అంది.

సూపర్వైజర్ ఇంటికి పోదామా, నేను మాట్లాడతాను అన్నాను.

ఆమె లేచి చెప్పులేసుకుంది. "పోదాం. గని నువ్వు నోరు తెరవకు. నా సంగతి నేనే మాట్లాడుకుంట."

ఇస్నాపూర్‌లో వాళ్ళిల్లు. సూపర్వైజర్ ఇంట్లో లేడు, ఏదో పని మీద బయటికి పోయాడట. భార్య తలుపు తీసి మమ్మల్నిద్దరినీ చూసి తెల్లబోయింది. మేం కూర్చోకముందే అక్క మొదలుపెట్టింది. పొద్దున పాస్టరమ్మ చెప్పింది నా గురించే చెల్లె, దమ్ము ఉన్న మాట నిజం, అయినా ఒక్కరోజు పని ఆపలేదు, మీ ఆయనకు నువ్వే చెప్పినా సరే, నేను చెప్పుకున్నా సరే, ఒక్క ఏడాది నన్ను తియ్యొద్దని చెప్పు. అంతా నిలబడే చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది. ఆగినప్పుడల్లా నేను అందుకుని చెప్పేయాలని నా నాలుక దురద పెట్టింది. పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

సూపర్వైజర్ భార్య ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నీ గురించా అక్కా? నేను మా ఆయన గురించి అనుకున్న."

మాకు అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది. ప్రార్థన మొదట్లో పిల్ల ఏడిస్తే ఎత్తుకుని బయట మెట్ల మీదికి పోయిందట. సముదాయించి లోపలికి వచ్చేసరికి చెవిన పడింది చివరి రెండు మాటలే. పంపు దాచుకోవలసి వస్తోంది అన్న మాట, కంపెనీలో తెలియకుండా కాపాడు అన్న మాట.

"మా ఆయనకు గూడ రెండేండ్ల నుంచి దమ్మే. పొద్దుమాపు ఆ పౌడర్లనే గదా నిలవడేది. బండి డిక్కీల పంపు పెట్టుకుంటడు. నాకు తప్ప ఇంకో మనిషికి తెల్వదు. పాస్టరమ్మకు ఎట్ల తెలిసిందో, మైకుల ఎందుకు చెప్పిందో అని పరేషానయిన. అన్నం గొంతు దిగలే."

నేను విస్తరి ముందు చూసిన ముఖం కోపం కాదు, భయం. నేను దాన్ని ఎలా చదివానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ముగ్గురం ఆ చిన్న గదిలో చాప మీద కూర్చున్నాం. ఆమె టీ పెట్టింది. అక్కా ఆమే కలిసి, పంపులు ఎక్కడ చవకగా దొరుకుతాయి, ఏ డాక్టరు మంచివాడు అని మాట్లాడుకుంటుంటే నేను వింటూ కూర్చున్నాను. అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. ఆయన రాగానే తనే చెబుతానని మాటిచ్చి ఆమె మమ్మల్ని పంపించింది.

సోమవారం పొద్దున ఆరింటి నుంచి ఫోన్ పక్కన పెట్టుకునే పనులు చేశాను. అక్కను లోపలికి పోనిచ్చారా, గేటు దగ్గర ఆపారా, తెలియదు. డ్యూటీలో ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు. మూడు గంటలకు ఫోన్ వచ్చింది.

"అమ్మా, నన్ను పౌడర్ల నుంచి తీసిండు. అట్టపెట్టెల కాడ ఏసిండు. స్టిక్కర్లు అతికే పని. గాలి మంచిగాడుతుంది."

స్తోత్రం అన్నాను. ఏడుస్తున్నాను కూడా. మరి నీ చోట ఎవరిని పెట్టారు అని అడిగాను, ఊరికే, మాట కోసం.

"ఆయనే నిలవడ్డడమ్మా. కొత్త మనిషి దొరికేదాక నా జాగల తనే ఉంటా అన్నడు. ఇంకొకర్ని ఏస్తే అడుగుతరు గదా, ఎందుకు మార్చినవని. ఆయనైతే ఎవ్వరడగరు."

ఫోన్ పెట్టేసి మా ఆయనకు చెప్పాను. ఆయన వచ్చే ఆదివారం వాక్యానికి ఏదో రాసుకుంటున్నారు. మనకు బదులుగా ప్రభువు నిలబడ్డాడు అన్న సంగతిని ఆయన ఇరవై ఏళ్ళుగా చెబుతున్నారు, నేను వింటున్నాను. ఆయన పెన్ను మూత పెట్టి, ఇక ఆ పూట ఏమీ రాయలేదు.

తర్వాతి ఆదివారం సూపర్వైజర్ మెట్ల కింద భార్యను దింపుతుంటే నేను దిగి వెళ్ళాను. సన్నగా ఉంటాడు, ముఖానికి ఎప్పుడూ మాస్కు. మీ మేలు మరిచిపోలేనన్నా, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అన్నాను. ఆయన బండి హ్యాండిల్ వైపే చూస్తూ అన్నాడు. "ఏం లేదమ్మా. దమ్మంటే ఎట్లుంటదో నాకెర్కనే గదా." బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపాడు. "నా కోసం ప్రార్థన చేస్తే చెయ్యుండ్రి. గని మైకుల వద్దు."

నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మాటిచ్చాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కష్టం చెప్పుకుంటే నేను ముందు అడుగుతాను, ఇది అందరిలో చెప్పేదా, లోపలే ఉంచేదా అని. చాలామంది లోపలే ఉంచమంటారు. ఇన్నేళ్ళూ వాళ్ళు నాకు చెప్పకుండా ఎంత మోశారో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఇదంతా రాయగలుగుతున్నాను, ఎందుకంటే ఇద్దరూ ఆ కంపెనీలో లేరు. సూపర్వైజర్ సంగారెడ్డిలో కూరగాయల ఆటో నడుపుతున్నాడు, దమ్ము చాలావరకు తగ్గింది. అక్క కూతురు చదువు పూర్తిచేసి ఆసుపత్రిలో చేరింది. అక్కను పని మాన్పించింది. అయినా రాసేముందు అందరినీ అడిగాను. పేర్లు లేకపోతే రాసుకొమ్మన్నారు. అక్క మాత్రం ఒక షరతు పెట్టింది. రాసింది రాసినట్టు ముందు తనకు చదివి వినిపించాలి.

మొన్న మా ఇంటి వరండాలో కూర్చోబెట్టి చదివాను. అక్క నన్ను మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయిపోయాక చీర కుచ్చిళ్ళు సవరించుకుంది.

"అంత మంచిగనే రాసినవు. ఒక్క కాడ తప్పుంది. ఆ దినం నేను క్షమించిన అన్ననని రాసినవు."

అన్నావు కదా అక్కా అన్నాను.

"నోటితోటి అన్న. నువ్వంత దూరం ఆటోల అన్నం పట్టుకొని వస్తివి, ఏమనాలె మరి? కడుపుల క్షమించెతందుకు నాకు నెల పట్టింది. అది గూడ రాయి."

ఆ నెల నాకు బాగా గుర్తు. నాలుగు ఆదివారాలు. నాలుగు వారాలూ ఆమె వచ్చింది. ముందు వరసలోనే కూర్చుంది, మా ఆయన గొంతు బాగయ్యేదాకా నేను చేసిన ప్రార్థనకు అందరితోపాటు ఆమేన్ అంది, గిన్నెలు తోమింది, నా చేతిలోంచి బరువు అందుకుంది. నన్ను ఇంకా క్షమించకుండానే.